ఏ బండి కొందాం నాయనా?

అనంతపురం జిల్లా పల్లెల్లో పెళ్లి సంబంధం తర్వాత అంత చర్చ జరిగేది బండి కొనేటప్పుడే. బండంటే మోటారు సైకిలు కాదు, కారు అంతకన్నా కాదు. టిప్పరు! మట్టి, కంకర, ఇసుక, రాయి... ఏదైనా నింపుకొని వెళ్లి, తొట్టి పైకెత్తి వెనక్కి కుమ్మరించి వచ్చే లారీ. దాని గురించి మేనమామను అడగాలి. తాడిపత్రిలో బండపరుపు తోలే బావను అడగాలి. టౌన్లో మెకానిక్కును అడగాలి. ఆఖరికి ఏ రంగు కలిసొస్తుందో అయ్యవారిని కూడా అడగాలి. అందరూ చెప్పేది తలోమాట. 'పెద్దది తీసుకో, పెద్ద బండికే పెద్ద బాడుగ' అని ఒకరు. 'చిన్నదైతే సందుల్లో దూరుతుంది' అని ఇంకొకరు. ఫైనాన్సు కంపెనీ కుర్రాడు మాత్రం ఏదైనా మంచిదే అంటాడు. అతనికి అన్ని బండ్లూ ఒకటే మరి!

ఇంత చర్చ ఎందుకంటే, ఆ ఇంట్లో అంత డబ్బు ఒక్కసారిగా బయటికి తీసే సందర్భం మళ్లీ రాదు. ధర్మవరం వైపో కళ్యాణదుర్గం వైపో ఒక ఇల్లు అనుకోండి. ఎనిమిదెకరాల ఎర్రనేల. ఎండిపోయిన బోర్లు మూడు, ఆగి ఆగి పోసేది ఒకటి. ఏడాది మొత్తానికి సగటున 550 మిల్లీమీటర్ల వాన పడే సీమ అది. ఆ కాస్తా కూడా విత్తనం వేశాక రాదు, కట్టె పీకి ఆరబెట్టాక వస్తుంది. నాలుగేళ్లు పోయి ఒక ఏడు వేరుశనగ చేతికందితే ఇంట్లో పండగే. కొడుకు డిగ్రీ చదివి, బెంగళూరులో రెండేళ్లు పనిచేసి, తిరిగొచ్చాడు. వాళ్లమ్మ నగలు, అమ్మిన ఎకరం, పాడుకున్న చీటీ అన్నీ కలిపితే అయ్యేది డౌన్‌పేమెంటు. మిగతాది నాలుగేళ్లో ఐదేళ్లో నెలనెలా కంతు.

'వాన పడకపోతే పంట పోతుంది నాయనా. బండికి వానతో పనేముంది?' అంటాడు కొడుకు.

'పంట పోతే నేలన్నా మిగుల్తుంది కదరా అబ్బీ. కంతు తప్పితే బండీ ఉండదు, కట్టిన దుడ్డూ ఉండదు' అంటాడు తండ్రి.

ఇద్దరి మాటలోనూ నిజముంది. కాకపోతే ఈ జిల్లా సరిహద్దులో జరిగింది చూసినవాళ్లు తండ్రికే రెండు మార్కులు ఎక్కువ వేస్తారు.

ఓబుళాపురం గుర్తుంది కదా! రాయదుర్గం దాటాక డి.హీరేహాళ్ మండలంలో, బళ్లారికి ఆనుకుని ఉన్న ఊరు. 2000 తర్వాత కొన్నేళ్లు చైనా ఉక్కు కర్మాగారాలకు ఇనుప ఖనిజం ఎంత పంపినా చాలేది కాదు. ఎర్రరాయి బంగారమైంది. బళ్లారి, సండూరు, హోస్పేట దారుల్లో దుమ్ము ఆగలేదు. బండి ఉంటే చాలు, పనే వెతుక్కుంటూ వచ్చేది. సరిహద్దుకు ఇటూ అటూ పల్లెల్లో పొలాలు కుదువపెట్టి మరీ లారీలు, టిప్పర్లు కొన్నారు. 2009 చివర్లో ఓబుళాపురంలో తవ్వకాలు ఆగాయి. 2011 జులైలో సుప్రీంకోర్టు బళ్లారి జిల్లాలో గనుల పని నిలిపేసింది. తవ్వినవాళ్ల కథలు పేపర్లలో పేజీలకు పేజీలు వచ్చాయి. మోసినవాళ్ల కథలు అంతగా రాలేదు. పెట్రోలు బంకుల పక్కన, దాబాల వెనక, ఇళ్ల ముందర బండ్లు వరసగా నిలబడిపోయాయి. బండి ఆగినా కంతు ఆగదు. అమ్ముదామంటే కొనేవాడు లేడు, అందరూ అమ్మేవాళ్లే!

ఆ బండ్లలో లోపమేం లేదు. గని నుంచి రైల్వే సైడింగుకో ఓడరేవుకో ఇంత బరువు మోయడానికి తయారైన పెద్ద బండ్లు అవి. ఆ పని ఉన్నన్నాళ్లు రాజాల్లా బతికాయి. పని పోయాక ఊళ్లోకి తెస్తే సందు తిరగవు, చెరువులోకి దిగవు, దిగినా ఎక్కవు. బండి కొనడమంటే ముందు పని ఎంచుకోవడం. అంతకన్నా ముఖ్యం, ఆ పని ఆగిన రోజు చేసే రెండో పని కూడా ఎంచుకోవడం. అనంతపురంలో టిప్పరు బేరానికి దిగే ఇల్లు ముందుగా తేల్చుకోవాల్సింది ఇదే. ఇంజను ఎన్ని గుర్రాలదన్నది ఆ తర్వాత సంగతి.

రెండో పని ఆలోచన మన దగ్గరే కాదు. అమెరికాలో పిల్లలుండి చలికాలంలో వెళ్లొచ్చిన అమ్మానాన్నలు ఈ దృశ్యం చూసే ఉంటారు. న్యూజెర్సీలోనో షికాగోలోనో తెల్లవారుజామున అపార్టుమెంటు ముందు ఒక బుల్లి లారీ మంచు గీకుతూ తిరుగుతుంటుంది. ముందు బంపరుకు పెద్ద ఇనుప పలక. వెనక తొట్టిలో మంచు కరగడానికి చల్లే ఉప్పు. ఎండాకాలంలో అదే బండి పలక విప్పేసి తోటలకు మట్టి, కంకర మోస్తుంది. అంటే ఆరునెలలు టిప్పరు, ఆరునెలలు మంచు ఊడ్చే చీపురు! ముక్కు లేని ఆ చిన్న బండ్లలో అక్కడ ఎక్కువగా కనిపించేది జపాన్ ఇసుజు. అక్కడి వాళ్లు బండి కొనేటప్పుడు ముందుగా చూసేది ముందు ఇరుసు ఎన్ని కిలోలు ఆపుతుందని. ఎందుకంటే ముక్కులేని బండిలో ఇంజను, క్యాబిను, డ్రైవరు అందరి బరువూ ముందు ఇరుసు మీదే. దానికి తోడు ముందర వేలాడే ఇనుప పలక. ఇరుసు తట్టుకోదంటే చౌకగా వచ్చినా వద్దనేస్తారు. మొదటి పనికి సరిపోయినంత మాత్రాన రెండో పనికి సరిపోదని వాళ్లకు తెలుసు.

వాళ్లకు మంచు ఎలాగో, అనంతపురానికి ఎండాకాలం అలాగ. మార్చి దాటితే మట్టి పనికి తోడుగా మొదలయ్యే రెండో పని నీళ్లు మోయడం. దాని సంగతి తర్వాత.

ముందు ముక్కు కథ కొంచెం చెప్పుకోవాలి. పాత సినిమాల్లో కనిపించే లారీకి ఇంతపొడుగు ముక్కుండేది. ఇంజను ముందర, డ్రైవరు దాని వెనక. టాటావాళ్లు 1954లో జర్మనీ డైమ్లర్-బెంజ్‌తో కలిసి మొదలుపెట్టిన లారీల నాటి రూపం అది. ముక్కు తీసేసి డ్రైవరును ఇంజను మీదికే ఎక్కిస్తే అంతే పొడవు బండిలో తొట్టికి ఎక్కువ జాగా వస్తుంది, బండి తక్కువ చోటులో తిరుగుతుంది. 1980ల నడుమ నాలుగు జపాన్ కంపెనీలు మన దేశపు కంపెనీలతో జతకట్టి చిన్న లారీలు తెచ్చాయి. టొయోటా, మజ్దా, మిత్సుబిషి, నిస్సాన్. అందులో నిస్సాన్ బండి మన జహీరాబాద్‌లోనే తయారైంది, ఆల్విన్ నిస్సాన్ పేరుతో. హైదరాబాదులో ఆల్విన్ ఫ్రిజ్ కొన్న ఇళ్లవాళ్లకు ఆ పేరు గుర్తుండాలి. ఆ ఫ్యాక్టరీ తర్వాత మహీంద్రా చేతికి వెళ్లింది. ఈ నలుగురికీ పోటీగా టాటా 1986లో దించిందే 407. జపాన్ పేర్లలో కొన్ని చరిత్రలో కలిశాయి గానీ 407 మాత్రం పల్లెపల్లెకూ పాకింది.

బండి పేరులోనే సగం జాతకం ఉంటుందని చాలామందికి తెలియదు. 407 అంటే నాలుగు టన్నుల తరగతి, డెబ్బై గుర్రాల ఇంజను. 1613 అంటే పదహారు టన్నులు, నూట ముప్పై గుర్రాలు. పేరు పెట్టిన నాటి లెక్క అది, తర్వాత బండి పెరిగినా పేరు మారకపోవచ్చు. టాటా బండ్ల పేర్లలో ఎల్‌పీకే అని కనిపించే అక్షరాలూ ఆ జర్మన్ స్నేహం నాటివే. చివరి కే అంటే 'కిప్పర్', జర్మనులు టిప్పరును పిలిచే మాట. ఈ చిట్టా తెలిస్తే షోరూంలో కుర్రాడు 'సార్, ఇది పెద్ద బండి' అన్నప్పుడు ఎంత పెద్దదో పేరు చూసి చెప్పేయొచ్చు.

ముక్కులేని బండికి ఒక్కటే బాధ. డ్రైవరు పొయ్యి మీద కూర్చున్నట్టే. అనంతపురం ఎండ నలభై రెండు డిగ్రీలు, కింద ఇంజను. మధ్యాహ్నం రెండింటికి ఆ సీటు మీద ఎవరైనా పదినిమిషాలు కూర్చుని చూస్తే డ్రైవరు ఎందుకు కస్సుమంటాడో అర్థమవుతుంది. 2025 అక్టోబరు నుంచి తయారయ్యే మధ్యరకం, పెద్ద లారీలకు క్యాబిన్లో ఏసీ ఉండాలని కేంద్రం 2023 డిసెంబరులో నోటిఫికేషన్ ఇచ్చింది. ఓనరుకు అది ఖర్చే. రోజుకు ఇరవై ట్రిప్పులు కొట్టే మనిషికి మాత్రం ఎప్పుడో రావాల్సింది.

ఇక అసలు పని. చెరువు పూడిక.

ఈ సీమలో చెరువు తవ్వడం, మట్టి మోయడం ఈనాటి పని కాదు. పక్కనే కడప జిల్లా పోరుమామిళ్లలో 1369 నాటి శాసనం ఉంది. బుక్కరాయల కొడుకు భాస్కరుడు చెరువు కట్టించినప్పుడు రోజూ వెయ్యిమంది కూలీలు, రాతిపనికి నూరు బండ్లు, రెండేళ్లు పనిచేశారని అందులో చెక్కారు. ఆరున్నర శతాబ్దాల కిందటే ఎన్ని బండ్లు కావాలో లెక్క రాసిపెట్టారన్నమాట! ఈ కాలానికొస్తే 2000లో నీరు-మీరు, 2015లో నీరు-చెట్టు పేరిట పూడికతీతలు సాగాయి. తెలంగాణలో 2015లో మొదలైన మిషన్ కాకతీయలోనైతే తవ్వే ఖర్చు సర్కారుది, మట్టిని పొలానికి తోలుకునే ఖర్చు రైతుది. ఎర్రనేల పలుచన, నీళ్లు నిలవవు. చెరువు మట్టి తోలితే ఆ నేలకు తేమ పట్టుకునే గుణం వస్తుంది. రెండు వానల మధ్య పది రోజులు ఎక్కువ ఆగగలిగితే వేరుశనగ రైతుకు అదే పదివేలు.

ఎకరం పొలంలో ఒక్క అంగుళం మందాన మట్టి పరచాలంటే ఎంత కావాలి? దాదాపు నూరు ఘనపు మీటర్లు. కొంచెం చెమ్మ ఉన్న పూడికమట్టి ఘనపు మీటరు ఒకటిన్నర టన్ను తూగుతుందనుకున్నా, నూట యాభై టన్నులు! అంగుళమే కదా అనుకున్నది ఇంత. ట్రాక్టరు ట్రాలీ నూరు ఘనపుటడుగులు మోస్తే ముప్పై అయిదు ట్రిప్పులు. ఏడున్నర టన్నుల తరగతి చిన్న టిప్పరు సొంత బరువు పోను మోసేది నాలుగు టన్నులకు కాస్త అటూ ఇటూ. అంటే అదీ ముప్పై ఏడు, ముప్పై ఎనిమిది ట్రిప్పులు. పన్నెండు టన్నుల తరగతి మధ్యరకం బండి ఏడు టన్నుల దాకా మోస్తే ఇరవై రెండు. ఆరుచక్రాల పెద్ద బండైతే పదమూడో పద్నాలుగో.

కాగితం మీద పెద్ద బండే గెలిచింది. చెరువులోకి దిగాక మాత్రం లెక్క మారుతుంది. చెరువు నేల పైకి ఎండి బీటలువారి ఉంటుంది, అడుగు లోతున జిగట. ఖాళీగా దిగిన బండి నిండుగా ఎక్కాలి. పదకొండు టన్నుల మట్టితో పెద్ద బండి ఒక్కసారి ఇరుసు దాకా దిగబడిందంటే దాన్ని లాగడానికి జేసీబీయే రావాలి. ఆ గంటసేపు తవ్వకమూ ఆగుతుంది, వెనక బండ్లూ ఆగుతాయి. పొలం దగ్గర ఇంకో తంటా. గట్టు మీద దారి ట్రాక్టరుకు సరిపడా ఉంటుంది, మలుపులో పెద్ద బండి వెనక చక్రం పక్కవాడి చేలోకి దిగుతుంది. ఆ తర్వాత జరిగేది పంచాయితీ.

మరి ట్రాక్టరే మేలు కదా అంటే, రెండు కిలోమీటర్ల లోపయితే మేలే. ఆ దూరంలో ట్రాక్టరును కొట్టే బండి లేదు. పెద్ద చక్రాలు, ఎక్కడైనా దిగి ఎక్కుతుంది, దుక్కికీ పనికొస్తుంది. ట్రాక్టరు ఉన్న ఇంట్లో చిన్న టిప్పరు కొంటే ఒకే పనికి రెండు బండ్లు పెట్టుకున్నట్టే. దూరం ఐదారు కిలోమీటర్లు దాటి, తారురోడ్డు కలిశాకే టిప్పరు వేగానికి విలువ. అప్పుడు కూడా నాలుగు టన్నుల మోతకు ఆ డీజిలు గిట్టదు. ఏడు టన్నులు మోస్తూ, పొలం దారిలో ట్రాక్టరు తిరిగిన చోటల్లా తిరగగలిగేది మధ్యరకం, ముక్కులేని, చక్రాల మధ్య దూరం తక్కువున్న బండి. అనంతపురం పల్లెకు అదే సరైన కొలత.

జేసీబీ లెక్క ఇంకొకటి ఉంది. దాని బాడుగ గంటకింత. అది బండి నింపడానికి ఏడు నిమిషాలు, బండి పొలానికెళ్లి కుమ్మరించి తిరిగి రావడానికి ఇరవై ఎనిమిది నిమిషాలు పడితే, జేసీబీ చేతులు ముడుచుకోకుండా ఉండాలంటే ఐదు బండ్లు తిరగాలి. మూడే ఉంటే జేసీబీ కూర్చుంటుంది, ఎనిమిది ఉంటే బండ్లు కూర్చుంటాయి. ఒక్క బండి ఓనరు ఎప్పుడూ పది ఇళ్ల బండ్లతో కలిసి పనిచేయాల్సిందే. అందుకే ఊళ్లో మిగతావాళ్లకున్న బండ్ల కొలతకు దగ్గరగా ఉన్నది తీసుకోవడం కూడా తెలివే. ట్రిప్పుల లెక్కలో తగవు రాదు.

కుమ్మరించేటప్పుడు జాగ్రత్తలు ఏ షోరూములోనూ సరిగా చెప్పరు. తడిమట్టి తొట్టి ముందు మూలల్లో అతుక్కుని దిగదు. జాకీ పూర్తిగా లేచాక బరువంతా ఆకాశంలో ఉంటుంది. నేల ఒకవైపు జానెడు వాలుగా ఉన్నా చాలు, బండి పక్కకు పడిపోతుంది. ఎత్తిన తొట్టితో ముందుకు కదలడం ఇంకా ప్రమాదం. పొలాల మీద బోరు మోటార్ల కరెంటు తీగలు కిందికి వేలాడుతుంటాయి. పైకి చూడకుండా తొట్టి ఎత్తిన వాడికి రెండో అవకాశం దొరకదు. తొట్టి కింద రిపేరు చేసేటప్పుడు జాకీని నమ్మకూడదు, ఇనుప ఊతం పెట్టాలి. కొడుకే బండి నడుపుతానంటే ఇంట్లో అమ్మ అడగాల్సిన ప్రశ్నలివి.

ఇప్పుడు రెండో పని. మేలో బోర్లు ఆగిపోయినప్పుడు చీనీ తోటల రైతుల అవస్థ చెప్పనలవి కాదు. వేరుశనగ పోతే ఒక పంట పోతుంది. చీనీ చెట్టు కాపుకు రావడానికే నాలుగైదేళ్లు, అది ఎండితే ఆ ఏళ్లన్నీ పోతాయి. అందుకే కరవు ఏళ్లలో అప్పుచేసి మరీ ట్యాంకర్లతో నీళ్లు తోలించి చెట్లకు పోశారు. అయిదు వేల లీటర్ల ట్యాంకరు నూరు చెట్లకు చెట్టుకు యాభై లీటర్లు. నీళ్లు లీటరు కిలో కాబట్టి అయిదు టన్నులు, ట్యాంకు బరువు అదనం. ఏడున్నర టన్నుల బండి సొంత బరువుతో కలిపి ఇది మోయకూడదు. మధ్యరకం మోస్తుంది. కొలత మళ్లీ అక్కడికే వచ్చింది చూశారా!

అయితే టిప్పరు తొట్టి విప్పి ట్యాంకు బిగించేయడం మంచుపలక తగిలించినంత సులువు కాదు. బండి రూపం ఆర్‌సీలో రాసి ఉంటుంది. మార్చాలంటే ఆర్టీఓ అనుమతి కావాలి. లేకపోతే ప్రమాదం జరిగిన రోజు బీమా కంపెనీ మొదట పట్టుకునేది ఆ కాగితాన్నే. ఇంకోమాట, సగం నిండిన ట్యాంకరు నిండు ట్యాంకరు కన్నా ప్రమాదం. బ్రేకు వేస్తే బండి ఆగుతుంది, నీళ్లు ఆగవు. లోపల అడ్డు పలకలు ఉన్నాయో లేదో చూసి తీసుకోవాలి.

కాగితాల సంగతి వచ్చింది కాబట్టి లైసెన్సు కూడా. మొత్తం బరువు ఏడున్నర టన్నులకు మించని రవాణా బండిని తేలికపాటి వాహనం లైసెన్సుతో నడపొచ్చని 2024 నవంబరులో సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం తేల్చింది. చిన్న టిప్పరు వైపు మొగ్గడానికి ఇది గట్టి కారణమే. ఇంట్లో కుర్రాడి దగ్గరున్న లైసెన్సు చాలు. మధ్యరకానికి ఆ వీలు లేదు, పెద్ద బండి లైసెన్సు తీసుకోవాలి, లేదా ఉన్న డ్రైవరును పెట్టుకోవాలి. దానికి భయపడి చిన్న బండి కొని, ఏడు టన్నులు ఎక్కించి తోలేవాళ్లు ఉన్నారు. అధిక బరువుకు చట్టం 2019 నుంచి చెబుతున్న జరిమానా 20 వేలు, ఆపైన ప్రతి అదనపు టన్నుకు 2 వేలు. కమాను పట్టీలు, టైర్లు తీసుకునే జరిమానా వేరే. 2018లో కేంద్రం ఇరుసు బరువు పరిమితులు పెంచి, ఆరుచక్రాల పెద్ద బండికి 16.2 టన్నులున్న మొత్తం బరువును 18.5 టన్నులు చేసింది. పాత బండి కొనేవాళ్లు మాత్రం ఆర్‌సీలో ఏది రాసుందో అదే నమ్మాలి, నోటిమాట కాదు.

కొత్తదా, పాతదా? 2020 ఏప్రిల్ నుంచి అమ్మే బండ్లన్నీ బీఎస్-6. డీజిలుతో పాటు చాలా బండ్లకు యూరియా ద్రావణం కూడా పోయాలి, పొగగొట్టంలో మసిపట్టే జల్లెడ ఉంటుంది. హైవే మీద పరుగెత్తే బండికి ఆ జల్లెడలో మసి దానంతటదే కాలిపోతుంది. చెరువుకూ పొలానికీ మధ్య రెండో గేరులో కునికే టిప్పరుకు కాలదు, పేరుకుంటుంది. దీపం వెలిగినప్పుడు పట్టించుకోకపోతే బండి మొరాయిస్తుంది. ఊరి మెకానిక్కు పానా పట్టుకుని చేయగలిగింది తక్కువ, కంప్యూటరు ఉన్న సర్వీసు సెంటరుకు వెళ్లాలి. అంతకుముందు తయారైన బండ్లు ఏ షెడ్డులోనైనా బాగవుతాయి. కానీ వాటి వయసు పెరుగుతోంది. ఎనిమిదేళ్ల దాకా రెండేళ్లకోసారి అయ్యే ఎఫ్‌సీ, ఆ తర్వాత ఏటా చేయించాలి. పాతదే అనుకుంటే ఒక పరీక్ష తప్పదు. తొట్టి నిండా మట్టి పోయించి, సగం ఎత్తి, పది నిమిషాలు ఆపమనాలి. జాకీ మంచిదైతే తొట్టి కదలదు. నెమ్మదిగా కిందికి జారుతుంటే బేరం అక్కడే ఆపొచ్చు. తర్వాత ఛాసీ కింద దూరి, కొత్తగా రంగు వేసిన చోటల్లా గోటితో గీకి చూడాలి. టిప్పరు ఛాసీకి ఊరికే ఎవరూ రంగు వేయరు!

ఇవన్నీ చూశాక మిగిలేది తండ్రి అడిగిన కంతు ప్రశ్నే. నెలకు కంతు నలభై వేలు, డ్రైవరుకు ఇరవై వేలు, బీమా, పన్ను, టైర్ల కింద పక్కన పెట్టేది పదిహేను వేలు అనుకోండి. మొత్తం డెబ్బై అయిదు వేలు. డీజిలు పోను రోజుకు నాలుగు వేలు మిగిలితే, నెలకు పంతొమ్మిది రోజులు పని దొరకాలి. పంతొమ్మిది రోజులు పెద్ద మాటేం కాదనిపిస్తుంది. కానీ 2019లో ఏం జరిగింది? రాష్ట్రంలో ప్రభుత్వం మారాక ఇసుక తవ్వకాలు ఆగి, సెప్టెంబరులో కొత్త విధానం వచ్చేదాకా ఇసుక మీదే బతికే బండ్లు నిలబడ్డాయి. ఇళ్ల పనులు ఆగాయి, ఇళ్ల పనులతో పాటు కంకర, ఇటుక మోతా ఆగింది. ఒక్క జీఓ చాలు, పంతొమ్మిది రోజులు సున్నా కావడానికి.

ఆ ఇంట్లో కొడుకు గోడమీది క్యాలెండరు దించి, నెలనెలకూ పని రాస్తున్నాడు. జనవరి నుంచి మే దాకా చెరువు మట్టి. ఏప్రిల్, మే, జూన్ నీళ్లు. జులైలో చేలకు ఎరువు. నవంబరు, డిసెంబరుల్లో రోడ్ల పని దొరికితే కంకర. ఆగస్టు, సెప్టెంబరు, అక్టోబరు గడుల్లో పెన్ను ఆగింది. చెరువులో నీళ్లొస్తే మట్టి లేదు, రాకపోతే ఎవరి దగ్గరా దుడ్డు లేదు.

'ఆ మూడు నెల్లూ ఏం చేస్తావప్పా?' అడిగాడు తండ్రి.

'ఏదో ఒకటి దొరుకుతాది నాయనా.'

'దొరికితే సంతోషం. దొరకదనుకోని ఆ మూడు కంతులు బ్యాంకులో ఏసినాక పోదాం షోరూంకు.'

కొడుకు లెక్కేసుకున్నాడు. లక్షా ఇరవై వేలు. డౌన్‌పేమెంటు కోసం దాచిన దాంట్లోంచి తీస్తే కొత్త బండికి చాలదు.

'అట్లయితే ఉగాదికి కుదరదు నాయనా.'

'దసరాకు పోదాం. ఆలోపల ఆ పెద్ద లైసెన్సు తెచ్చుకో.'